ఆదరణ కూడికలో పెండ్లి పాట

నాకు సిగ్గు ముఖంలో రాదు, చెవుల్లో వస్తాది. రెండు చెవులూ భగ్గుమని కాలిపోతాయి, జుట్టు ముందుకు లాక్కుని కప్పుకుంటాను. పోయినేడు మా మామ చనిపోతే చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక జరిగినాక చానా దినాలు జుట్టు విరబోసుకునే తిరిగినాను. మా ఆయన "ఇదేం కొత్త ఫ్యాషన్?" అని ఎగతాళి చేస్తే ఆయన మీదా ఎగిరి పడినాను. కోపం నాకు ముక్కు మీదనే ఉంటాది. ఆ పొద్దు మా అత్త పరువు నలుగురిలో తీసింది ఆ కోపమే.

అత్త అంటే మా మేనత్త, నాయన తోడబుట్టినామె. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయింది. గాంధీనగర్‌లో మా ఇంటికి రెండు సందులవతల ఉంటాది. మా తెలుగు సంఘంలో పాట ఎత్తేది ఆమే. ఆమె గొంతు లేస్తే గానీ కీబోర్డు వాయించే ఆయనకు శ్రుతి దొరకదు. మేము పాటల్ని పేర్లతో పిలవం, నంబర్లతో పిలుస్తాం. పుస్తకంలో ఏ నంబరుంటే అదే దాని పేరు. ఎవరన్నా ముఖం ముడుచుకుని కూర్చుంటే "ఏందప్పా, సిలువ శ్రమల పాట నంబరు చెప్పమంటావా?" అని ఆటపట్టిస్తాం. అత్తకు పుస్తకంతో పనిలేదు. నంబరు చెప్తే చాలు, ఆఖరి చరణం దాకా నోటికే వస్తాది.

మాది తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడే ఊరు. ఒకే చర్చిలో పొద్దున మా తెలుగు ఆరాధన, అది ముగుస్తూనే కన్నడ ఆరాధన. వాళ్ళ పుస్తకం వేరే. నంబర్లు మాత్రం ఒకటి నుంచే మొదలు. మా రెండొందల ఆరు ఒక పాట, వాళ్ళ రెండొందల ఆరు ఇంకో పాట.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్తాను. పెద్దోళ్ళకు పుస్తకంలో అక్షరాలు కనపడ్డంలేదని, గోడమీద తెర వేసి పాటలు చూపించే ప్రోగ్రాం నేనే రాసిచ్చినాను. తెలుగు పాటలన్నీ ఒక ఫోల్డర్‌లో, కన్నడ పాటలన్నీ ఇంకో ఫోల్డర్‌లో. ప్రతి ఫైల్ పేరూ ఉట్టి నంబరే. తెలుగు ఆరాధనకు ప్రోగ్రాం తెలుగు ఫోల్డర్‌లో పోయి నిలబడ్తాది. నంబరు కొడితే తాను నిలబడిన చోట ఆ పేరున్న ఫైల్ తెరుస్తాది. మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి మెచ్చుకున్నారు. నేను ఊరుకోవాల్సింది. మైకు పట్టుకుని "మనుషులు మర్చిపోతారు. ఇది మర్చిపోదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టినారు. అత్త గూడా కొట్టింది.

ఇంక మామ సంగతి. మామోళ్ళది మోక, బస్సులో పోయేంత దూరంలో ఉండే పల్లె. వాళ్ళ తాత కాలంలోనే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని వరి పెట్టినారు. మామ మా అత్తను ఇష్టపడి చేసుకున్నాడు. కిరస్తానమ్మను చేసుకున్నాడని ఆ ఇంటోళ్ళు పెండ్లికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మామ తమ్ముడు బజారులో కనపడితే ఈ అన్న ఆ పక్కకు, ఆ తమ్ముడు ఈ పక్కకు తిరిగేవాళ్ళు. అట్లా జీవితం గడిచిపోయింది. మామ పోయినాక, సమాధి కార్యక్రమానికి గూడా రాని ఆ తమ్ముడు, ఆదరణ కూడికకు భార్యను తీసుకుని వస్తానని ఫోన్ చేసినాడు. అత్త ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి ఏడ్చింది. ముఖం కడుక్కుని వచ్చి "వాళ్ళన్న పాట వాళ్ళ చెవిన పడల్ల. ఒక్క చరణం గూడా వదలకుండా పాడిద్దాం" అన్నింది. మామకు ప్రాణమైన పాట రెండొందల ఆరు. దారి తెలియని తావులో చెయ్యి పట్టుకోమని దేవుణ్ణి అడిగే పాట. మామ స్కూటర్ తుడుస్తా గూడా అదే పాడేవాడు, శ్రుతి లేకుండా.

ఆ కూడికకు కన్నడ సంఘం వాళ్ళూ వస్తారని, రెండు భాషల పాటలూ ఉంటాయని నాకు చెప్పినారు. కన్నడ పాటలు తెరమీదకు నిదానంగా వస్తాండాయని అంతకుముందే ఎవరో గొణిగినారు. నాకు పౌరుషం వచ్చింది. ఆ వారమే ప్రోగ్రాంలో ఇంకో పని చేర్చినాను. ముందర తెలుగు పాట నడుస్తాంటే, వెనకాల కనపడకుండా ఒక త్రెడ్, అంటే అదే ప్రోగ్రాంలో ఇంకో పనోడు లాంటిది, కన్నడ పాటల్ని సిద్ధం చేసి పెట్టుకుంటాది. నా ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే బ్రహ్మాండంగా నడిచింది. అత్త ఇంటి కార్యంలో నా పనితనం అందరూ చూస్తారని లోపల్లోపల పొంగిపోయినాను.

కూడిక రోజు చర్చి నిండా జనం. మామ తమ్ముడు, ఆయన భార్య ముందు వరసలో అత్త పక్కన కూర్చున్నారు. ఆయన తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని బిగదీసుకుని ఉన్నాడు. అయ్యగారు ప్రార్థన చేసి "కుటుంబం వారి పాట" అన్నారు. అత్త లేచి నిలబడి, నా వైపు తిరిగి నాకు మాత్రం వినపడేట్టు "రెండొందల ఆరు" అని చెప్పింది. నేను చర్చి ల్యాప్‌టాప్ ముందర కూర్చుని రెండొందల ఆరు కొట్టినాను.

తెరమీద పెండ్లి పాట వచ్చింది.

కన్నడ పెండ్లి పాట. మదుమగడినీ మదుమగళినీ, అంటే పెండ్లికొడుకునూ పెండ్లికూతురునూ, దీవించమని దేవుణ్ణి పిలిచే పాట. కన్నడ అక్షరాలూ మన అక్షరాలూ అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటాయి గదా, తెలుగోళ్ళు గూడా సగం లైను చదివేసినారు. వెనక వరసలో కన్నడ సంఘం ఆడోళ్ళకు తెరమీద ఏముంటే అది పాడేది అలవాటు. ఎన్ని పెండ్లిండ్లలో పాడినారో, హుషారుగా ఎత్తుకున్నారు. కీబోర్డు ఆయన చెయ్యి దానంతటదే తాళం మార్చింది. రెండు లైన్లు పాడినాక గానీ ఎవరికీ బుర్రకెక్కలేదు. ఆపైన ఒక్కొక్కరే పాడేది ఆపినారు.

మామ తమ్ముడు అత్త వైపు తిరిగి చూసినాడు. తాము రాని పెండ్లిని ఇప్పుడు ఇట్లా ఎత్తిపొడుస్తాండారని ఆయన అనుకున్నాడు. ఆ చూపులో అదే ఉండింది. అందరి తలకాయలూ నా వైపు తిరిగినాయి. నా చెవులు మండినాయి. అప్పుడే నోరు జారింది. లేచి నిలబడి, మైకు అవసరం లేకుండా, క్లాసులో పిల్లోళ్ళను అదిలించినట్టు అన్నాను:

"నేను కొట్టింది కరెక్టే! అత్త చెప్పిన నంబరే కొట్టినా!"

ఛీ. ఇప్పుడు రాస్తాంటే గూడా చెయ్యి ఆగిపోతాండాది. మొగుడు పోయిన మనిషి. జీవితమంతా కాచుకున్న బంధువులు పక్కనే ఉండారు. అట్లాంటి మనిషి మీదకు అంతమందిలో తప్పు తోసినాను, నా ప్రోగ్రాం మాట పడకూడదని.

అత్త నన్ను చూసింది. తెరను చూసింది. మెల్లగా "నేనే మర్చిపోయి వేరే నంబరు చెప్పింటా. క్షమించండి" అని కూర్చుంది. ఎవరో అయ్యగారికి పుస్తకం అందించినారు, వేరే ఏదో పాట పాడినారు. మామ పాట ఆ పొద్దు పాడనే లేదు. కూడిక అయినాక భోజనాల దగ్గర వెతికితే మామ తమ్ముడూ ఆయన భార్యా లేరు. ఊట చెయ్యకుండానే, ఒక్క మెతుకు గూడా ముట్టకుండా బస్సెక్కి పోయినారని వడ్డించేవాళ్ళు చెప్పినారు.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం ముందేసుకుని కూర్చున్నాను. తప్పు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను కొత్తగా చేర్చిన త్రెడ్, కన్నడ పాటలు సిద్ధం చెయ్యడానికి కన్నడ ఫోల్డర్‌లోకి పోవాల. దానికి సీహెచ్‌డిర్ అనే సిస్టం కాల్ వాడినాను. అంటే ఆపరేటింగ్ సిస్టంను "నేను నిలబడిన చోటు మార్చు" అని అడగడం. నా బుర్రలో ఆ త్రెడ్ ఒక్కటే పక్కకు పోయి పని చూసుకుని వస్తాది అనుకున్నాను. అట్లా జరగదు. ఒక ప్రాసెస్‌లో, అంటే నడుస్తాండే ఒక ప్రోగ్రాంలో, త్రెడ్లు ఎన్నున్నా, నిలబడే చోటు అన్నిటికీ కలిపి ఒక్కటే. అది కన్నడ ఫోల్డర్‌లోకి జరిగితే, ముందర పాట చూపించేదీ దానితో పాటే జరిగిపోయింది. నేను రెండొందల ఆరు కొట్టిన క్షణాన మొత్తం ప్రాసెస్ కన్నడలో నిలబడి ఉండాది. ఆడ రెండొందల ఆరు ఏంది? పెండ్లి పాట. అది తెచ్చి చూపించింది.

ఈ ముక్క నేను ప్రతి సెమిస్టర్ బోర్డు మీద రాసి కింద గీత గీసి చెప్తాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఇస్తాను. రాయలేని పిల్లోళ్ళను "మీ తలకాయలో ఏముండాదప్పా?" అని అరుస్తాను. ఇంక నా తలకాయలో ఏముండిందో ఎవరిని అడగల్ల?

అప్పటికప్పుడు చెప్పులేసుకుని అత్త ఇంటికి పోయినాను. "అత్తా, తప్పు నీది కాదు, నాది. నువ్వు చెప్పింది రెండొందల ఆరే" అని చెప్పినాను. ఆమె బియ్యం ఏరతాండాది. తలెత్తలేదు.

"ఊరుకోవే. నన్ను ఓదార్చేకి చెప్తాండావు."

"లేదత్తా, నిజం! విను. ఒకటే టెంపో, ఇద్దరు పనోళ్ళు అనుకో. మూడో ఇంట్లో గోతాలు తేవల్ల అని మొదటోడికి చెప్పినా, ఏ ఊరో చెప్పలా. టెంపో హగరిలో ఉండాది. రెండోవాడు తన పని కోసం దాన్ని మోకకు తిప్పించినాడు. మొదటోడు యాడుండానో చూసుకోకుండా దిగి మూడో ఇంట్లోకి దూరినాడు. వాడు తెచ్చింది మోక గోతాలు. అదీ జరిగింది."

అత్త నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "టీచరువి గదా, బాగా చెప్తావు. ఇది మర్చిపోదు అని నువ్వే గదే మైకులో చెప్పినావు? మర్చిపోయేది నేనే. మా అమ్మకు వచ్చిందే నాకూ వచ్చింది."

వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, ఆఖర్న కన్నబిడ్డలను గూడా గుర్తుపట్టలేదు. ఆ భయం అత్త గుండెలో ఎప్పట్నుంచో ఉండాదని నాకు తెలుసు. తెలిసీ ఆ భయం మీదనే నేను వేలు పెట్టి పొడిచినాను.

అయ్యగారికీ చెప్పినాను. ఆయన నా భుజం తట్టి "మంచి మనసమ్మా నీది. పెద్దామె మీద మాట రాకూడదని నీ మీదేసుకుంటాండావు" అన్నారు. మెచ్చుకుంటే చెవులు కాలడం ఆ పొద్దు మొదటిసారి చూసినాను. ఎవరికి చెప్పినా అదే మాట. మోకకు ఫోన్ చేస్తే మామ తమ్ముడు "అయిపోయిందమ్మా, వదిలేయండి" అని పెట్టేసినాడు.

తర్వాత ఆదివారాలు అత్త వెనక వరసకు పోయి కూర్చుంది. పాట ఎత్తమంటే "బేడప్పా, నాకొద్దు, ఇంకెవరన్నా ఎత్తండి" అంటాది. వంటింట్లో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అంటించింది. ఉప్పు, చక్కెర, సోడా. గ్యాస్ ఆపినానో లేదో అని బీగం వేసినాక మళ్ళీ లోపలికి పోయి చూసి వస్తాది. ఆమెకు ఏ మరుపూ లేదు. నేను అంటించినాను ఆ మరుపును.

ఇంక ఒకటే దారి. ఆ తప్పు మళ్ళీ జరిగేట్టు చేసి ఆమె కండ్లకు చూపించల్ల. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా తెలుగు పాటే వస్తాది. నాది కొత్తది, కన్నడ ఫోల్డర్‌లోకి పోయి కన్ను మూసి తెరిచేలోగా వెనక్కొచ్చేస్తాది. చర్చిలోది పాతది, ముక్కుతా మూలుగుతా పోతాది, ఆ సందులోనే దెబ్బ తగిలింది. అయ్యగారిని అడిగి చర్చి ల్యాప్‌టాప్‌ను అత్త ముందర పెట్టినాను. ఆమె దాన్ని తాకను గూడా తాకలేదు.

"నాకొక్కదానికి చూపిస్తే ఏం లాభమే? నేను ఎత్తిపొడిచినానని అనుకుని పోయినోళ్ళు మోకలో ఉండారు. చూపిస్తే ఆడ చూపియ్."

అట్లా ఒక శనివారం పొద్దున ఇద్దరమూ మోక బస్సెక్కినాం. చర్చి ల్యాప్‌టాప్ సంచి నా ఒళ్ళో, పాటల పుస్తకం లేకుండా అత్త. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి చూస్తానే ఉండాది.

మామ తమ్ముడు అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచినాడు గానీ ముఖం విప్పలేదు. "రండి వదినగారూ, ఎండలో వచ్చారు. కూర్చోండి" అన్నాడు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి పెట్టి తలుపు పక్కన నిలబడింది. నేను తప్పు నాదని చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి "మీరే కొట్టండి, రెండొందల ఆరు" అన్నాను. ఆయన ఒక వేలుతో కొట్టినాడు.

తెలుగు పాట వచ్చింది. మామ పాట.

మళ్ళీ కొట్టించినాను. మళ్ళీ తెలుగే. నా జన్మలో నేను రాసిన ప్రోగ్రాం తప్పు చెయ్యాలని దేవునికి మొక్కుకున్నది ఆ పొద్దే. ఎన్ని తూర్లు కొట్టినా అది బుద్ధిమంతురాలి మాదిరి కరెక్టు పాటే చూపిస్తాది.  చివరికి ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"పోనివ్వమ్మా. మేం పెళ్ళికి రాలేదని వదినగారికి కోపం ఉండటం సహజమే. ఆవిడ అన్నా మేం పడాలి. మధ్యలో నువ్వెందుకు ఇదంతా?"

అత్త అప్పటిదాకా గోడకానుకుని కూర్చుని ఉండాది. చివ్వున లేచింది. "ముయ్యవే దాన్ని!" అన్నింది నాతో. ఆయన వైపు తిరిగి "నాకు కోపం లేదు మరిదీ. మీ అన్న పాట మీకు వినిపిద్దామనే ఆ పొద్దు లేచినా. ఇప్పుడు వినండి" అని, కండ్లు మూసుకుని పాట ఎత్తింది.

ఎన్నో దినాలకు విన్నాను ఆ గొంతు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, రెండోది అయింది. మామ తమ్ముడు తల వంచుకుని వింటాండాడు. మూడో చరణం ఎత్తబోయి అత్త ఆగిపోయింది. పెదాలు కదులుతాండాయి, మాట రాలేదు. కండ్లు తెరిచి నా వైపు చూసింది. ఆ కండ్లలో మా అవ్వ భయం.

"అందియ్యవే," అన్నింది. "మూడోది మొదటి మాట అందియ్."

నేను నోరు తెరిచినాను. ఆ పాట నా చేత్తో టైపు చేసిందే. ఎన్నో ఆదివారాలు పాడిందే. తెర చూసి పాడినాను గానీ నోటికి ఒక్క మాటా రాలేదు. గాబరాగా ల్యాప్‌టాప్ మీదకు వంగి, మూడో చరణం కోసం తర్వాతి పేజీ కొట్టినాను. పేజీ మారినప్పుడల్లా అది ఫైల్‌ను మళ్ళీ తెరిచి చదువుకుంటాది.

తెరమీద పెండ్లి పాట వచ్చింది.

కావాల్సినప్పుడు రాలేదు ముండా కానా! ఇప్పుడొచ్చింది. నేను దాన్ని చేత్తో కప్పబోయినాను. అప్పటికే మామ తమ్ముడు లేచి వచ్చి నా భుజం మీదుగా చూస్తాండాడు. ఆయన చదివింది కన్నడ బడిలోనే. "మదుమగ..." అని పైకి చదివి ఆపినాడు.

"ఆ వేళ వచ్చింది ఇదేనా అమ్మా?"

"ఇదేనండీ."

"ఇందాకటిదాకా అన్నయ్య పాటే ఉంది కదా. వదినగారు నంబరు ఏమీ చెప్పలేదు, నువ్వూ కొట్టలేదు. దానంతటదే మారిందే!"

"అవునండీ. నా తప్పే. ఆ పొద్దు గూడా నా తప్పే. అత్త మీదకు తోసినా."

ఆయన తెర వైపు ఇంకోసారి చూసినాడు. తర్వాత అత్త దగ్గరకు పోయి, కొంచెం దూరంలోనే నిలబడి, "వదినగారూ, మీరు ఎత్తిపొడిచారని భోజనం చేయకుండా వచ్చేశాం. పాపం మూటగట్టుకున్నాం" అన్నాడు. తలుపు దగ్గర ఆయన భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అత్త ఆయన్ను చూడలేదు. తెరను చూస్తాండాది. "నేను రెండొందల ఆరే చెప్పినా," అన్నింది, తనకు తానే చెప్పుకున్నట్టు. ఇంకోసారి గట్టిగా, క్లాసులో చెప్పినట్టు, "రెండొందల ఆరే చెప్పినా!" అన్నింది. అని, పల్లవి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఒకటి, రెండు, ఆ ఊపులోనే మూడోది దానంతటది వచ్చేసింది. నేను ల్యాప్‌టాప్ మూసి కలిసి పాడినాను. మూడో చరణంలో నా పెదాలు ఊరికే కదిలినాయి. అత్త అది చూసింది.

భోజనం చేసే పంపినారు. మామ తమ్ముడే దగ్గరుండి వడ్డించినాడు. బస్సెక్కేటప్పుడు అత్తకు సంచి నిండా ఇంటి బియ్యం పెట్టినారు.

బస్సు మోక దాటినాక నేను అన్నాను, "ఇంటికి పోతూనే ప్రోగ్రాం సరిచేస్తానత్తా. ప్రతి ఫైల్‌కూ పూర్తి అడ్రసు రాసేస్తా. ఇంక యాడ నిలబడినా తప్పు పాట రాదు."

"చేసుకో," అన్నింది అత్త. కిటికీలోంచి చూస్తానే, "నా ఆదరణ కూడికలో మాత్రం తెర పెట్టొద్దు. నువ్వు నిలబడి నోటితో పాడల్ల. అంతమందిలో నా మీద అరిచిన గొంతే గదా, ఆ గొంతుతోనే పాడు" అన్నింది.

 చెవులు భగ్గుమన్నాయి. జుట్టు ముందుకు లాక్కోబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూడోది చెప్తా, నా వెనకాలే చెప్పు."

బస్సు నిండా జనం, అందరూ మావైపే చూస్తాండారు. ఆమె ఒక లైను చెప్పింది. నేను పైకే చెప్పినాను.